అత్తయ్యగారి పాటల పుస్తకం, ఐర్లండ్ పాటలూ

ఐర్లండ్ అంటే ఇప్పుడు మన ఇళ్లల్లో ఎమ్మెస్సు, పార్ట్‌టైం ఉద్యోగం, అద్దె ఇల్లు దొరక్కపోవడం, రోజూ వాన. మా కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు ఏ పెళ్లికెళ్లినా పిల్లో పిల్లాడో అక్కడున్నవాళ్లు ఒకరైనా కనిపిస్తారు. మా అక్క కూతురు కూడా పోయినేడాది లిమరిక్ వెళ్లింది, అందరిలాగే కంప్యూటర్ చదువుకి. అయితే అదే ఇంట్లో పక్క గదిలో ఉండే ఐరిష్ అమ్మాయి చదివేది కంప్యూటర్ కాదు, పాటలు. వాళ్ల పాత జానపద సంగీతంలో ఎమ్మే చేస్తోంది. లిమరిక్ యూనివర్సిటీలో సంగీతానికీ నృత్యానికీ వేరే ఒక అకాడమీయే ఉందట. 1994లో మీహాల్ ఓ సూలవాన్ అనే పియానో విద్వాంసుడు మొదలుపెట్టాడు. పల్లెటూరి ఫిడేలు, పిల్లనగ్రోవి, నాయనమ్మలు పాడే పాట, ఇవన్నీ అక్కడ డిగ్రీకి సబ్జెక్టులే.

"దానికి ఉద్యోగం ఏమొస్తుంది పిన్నీ?" అని మా పిల్ల నవ్వింది. నాకూ మొదట అదే సందేహం వచ్చింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ అమ్మాయి మా పిల్లని ఒక ప్రశ్న అడిగిందట. "మీ ఊళ్లో ఆడవాళ్లు పాడుకునే పాటలు ఎవరు సేకరించారు? ఎక్కడ దాచారు?" దీనికేం తెలుసు పాపం, "మా పిన్ని బీఏ తెలుగు, కనుక్కుని చెప్తా" అని నాకు వాట్సాప్ చేసింది. రెండు ముక్కల్లో జవాబు రాసేద్దామని కూర్చున్నాను. రెండు నెలలు పట్టింది. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా అమ్మలదో అత్తలదో పాటల పుస్తకం ఉండే ఉంటుంది కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

ముందు వాళ్ల సంగతి. 1792 జూలైలో బెల్‌ఫాస్ట్ ఊళ్లో పెద్దలు కొందరు ఒక సభ పెట్టారు. హార్ప్ అనే తంత్రీ వాద్యం వాయించే పాతకాలపు వాళ్లు అంతరించిపోతున్నారని, మిగిలినవాళ్లని పిలిచి వాయింపించారు. వచ్చిన ఐరిష్ కళాకారులు పది మంది. వాళ్లలో చాలామంది చూపులేనివాళ్లు. ఒకాయనకి తొంభై దాటాయి, గోళ్లతో తీగెలు మీటే పాత పద్ధతి తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడట. వాళ్లు వాయించిన స్వరాలు రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ల చర్చి ఆర్గాన్ కుర్రాణ్ణి పెట్టారు. ఆ నాలుగు రోజుల పని అతనికి జన్మంతా పట్టుకుంది. ఊళ్లు తిరిగి తిరిగి స్వరాలు పోగేసి, 1796లో మొదలుపెట్టి మూడు సంపుటాలు అచ్చువేశాడు.

తర్వాత 1845లో బంగాళాదుంపకి తెగులు వచ్చింది. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి వెళ్లిపోయారు. పాటలు ఎక్కువగా ఉన్నది బీదవాళ్ల దగ్గరే, పోయింది కూడా వాళ్లే. మనకి గుంటూరు సీమలో 1832-33 నందన కరువు, డొక్కల కరువు అంటారే, అది గుర్తొచ్చింది నాకు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిపోయినప్పుడు పంట, పశువులు పోయిన లెక్క ప్రభుత్వం రాసుకుంటుంది. పాటలు ఎన్ని పోయాయో ఎవరు రాస్తారు?

వెళ్లిపోయినవాళ్లలో ఒకడు అమెరికాలో చికాగో పోలీసు చీఫ్ అయ్యాడు. ఫ్రాన్సిస్ ఓనీల్ ఆయన పేరు. తన ఫోర్సులో ఉన్న ఐరిష్ పోలీసుల దగ్గరా, ఊళ్లో ఉన్న తోటి ఐరిష్ వాళ్ల దగ్గరా స్వరాలు సేకరించి 1903లో 1850 స్వరాలతో పుస్తకం వేశాడు. ఆయనకి స్వరం రాయడం రాదు. ఇంకో పోలీసాయన రాసిపెట్టాడు. స్వదేశంలో మాత్రం ప్రభుత్వం 1935లో జానపద విజ్ఞానానికి ఒక కమిషన్ వేసింది. వీళ్ల మనుషులు సైకిళ్ల మీద మైనపు గొట్టాల రికార్డింగు యంత్రాలు పెట్టుకుని పల్లెలు తిరిగారు. డబ్బు లేదు. అందుకని ఒక గొట్టం మీద ముసలమ్మ గొంతు రికార్డు చేయడం, మాటలు కాగితం మీద ఎక్కించడం, ఆ మైనం పైపొర చెక్కేసి మళ్లీ ఇంకొకరి గొంతుకి వాడటం. అక్షరాలు మిగిలాయి, చాలా గొంతులు చెక్కుడులో పోయాయి. చదివినప్పుడు ప్రాణం ఉసూరుమంది.

వాళ్లు చేసిన ఇంకో పని నాకు మరీ నచ్చింది. 1937 నుంచి 1939 దాకా దాదాపు 5 వేల బడుల్లో పై తరగతుల పిల్లలకి ఒక పని అప్పచెప్పారు. ఇంటికెళ్లి నాయనమ్మని, తాతని, పక్కింటి పెద్దవాళ్లని అడిగి పాటలు, కథలు, వంటలు, మందులు, సామెతలు రాసుకురమ్మన్నారు. ఆ రాతలన్నీ ఇవాళ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో కూడా చూడొచ్చు. మన పిల్లలకి థర్మకోల్ షీటు మీద అగ్నిపర్వతం చేయించే బదులు ఇలాంటి ప్రాజెక్టు ఒకటిస్తే ఏం పోయింది? (చేసేది ఎలాగూ మనమే కదా.)

ఇక మన సంగతి. మనకి పాటలున్నాయన్న సాక్ష్యం వాళ్లకంటే పాతది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని వరసపెట్టి పేర్లు చెప్పాడు. బీఏలో ఈ జాబితా కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్నాం. పేర్లున్నాయి, పాటలు లేవు. తాళ్లపాక అన్నమయ్య దంపుడు పాట వరసలో సువ్వి పాటలు కట్టాడంటే, పదిహేనో శతాబ్దంలో వడ్లు దంచే ఆడవాళ్లు ఆ వరసలో పాడుతున్నట్టే కదా. అన్నమయ్యవి రాగిరేకుల మీద చెక్కారు. రోకలి పట్టినవాళ్లవి ఎవరు చెక్కుతారు?

దొరలు వచ్చాక సేకరణ మొదలైంది. బ్రౌన్ దొర మన బందరులో ఉద్యోగం చేస్తూ సొంత డబ్బు పెట్టి తాళపత్రాలు పోగేసిన కథ మీకు తెలిసిందే. 1874లో బాయిల్ అనే మరో దొర ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు, సర్వాయి పాపడి పాట అందులో ఉంది. ఒక్కటి గమనించండి. దొరల చెవిన పడ్డవన్నీ చావడి దగ్గర, సంతలో, తంబురా పట్టుకుని మగవాళ్లు పాడినవి. నడవ దాటి లోపల, పెరట్లో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పాడుకునేవి వాళ్లకి వినబడవు. వాళ్లకేంటి, ఇంట్లో మగవాళ్లకే వినబడలేదు.

ఆడవాళ్ల పాటలు అచ్చులోకి రావడం కూడా మన పక్క జిల్లా నుంచే. 1899లో ఏలూరు మంజువాణి ప్రెస్సులో నందిరాజు చలపతిరావుగారు 'స్త్రీల పాటలు' అని పుస్తకం వేశారు. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు 'స్త్రీల రామాయణపు పాటలు' వేసింది, కూర్చింది కృష్ణశ్రీగారు. ఆ మరుసటేడు, 1956లో, బిరుదురాజు రామరాజుగారికి ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద డాక్టరేటు వచ్చింది. అప్పటిదాకా పల్లెపాట మీద పీహెచ్‌డీ ఏమిటని నవ్వినవాళ్లకి ఆ పుస్తకమే సమాధానం. గోదావరి వైపు నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి సేకరించారు, 'మిన్నేరు' ఆయనదే. కాకినాడ అక్కచెల్లెళ్లు వింజమూరి అనసూయ, సీత పాటలకి స్వరం కూడా రాసి, రేడియోలో పాడి, పెద్దింటి ఆడపిల్లలు పల్లెపాట పాడటమేంటన్న మాటని పక్కకి తోసేశారు. 1948 డిసెంబరులో బెజవాడ రేడియో వచ్చాక మా అత్తయ్యగారి తరానికి అనసూయ-సీత గొంతులే బడి.

సప్తసముద్రాలు దాటి మన పాట చదువుకోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. కృష్ణకి ఆవలి ఒడ్డున పల్నాడు. కార్తీక అమావాస్యకి కారెంపూడిలో వీరుల తిరునాళ్లు ఐదు రోజులు జరుగుతాయి, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని. అక్కడ వీరుల కథ పాడే హక్కున్నవాళ్లని వీరవిద్యావంతులంటారు, దళితులు. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు పల్నాటి వీరచరిత్ర అచ్చువేసినప్పటి నుంచి చదువుకున్నవాళ్లకి అది శ్రీనాథుడి కావ్యం. 1970లలో అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి జీన్ రోఘేర్ అనే విద్యార్థి వచ్చి, పుస్తకం వదిలేసి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడి ముందు టేపురికార్డరు పెట్టుకుని కూర్చున్నాడు. గాలెయ్య పాడిందంతా అనువాదం చేసి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం తెచ్చాడు. పల్నాటి కథ బీఏలో మాకూ పాఠమే. గాలెయ్య పేరు మాత్రం మాకెవరూ చెప్పలేదు.

అదే విస్కాన్సిన్‌లో తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావుగారు అంతకుముందు ఏలూరులో కాలేజీ లెక్చరరు. స్త్రీల రామాయణం పాటల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాసం 1991లో అచ్చయింది. అందులో ఏముందో మా తోటికోడలి కొడుకుని కూర్చోబెట్టి చదివించుకున్నా. మనం పాడేస్తూ పట్టించుకోని సంగతి ఆయన పట్టుకున్నాడు. ఈ పాటల్లో యుద్ధం లేదు, రాజ్యం లేదు. కౌసల్య వేవిళ్లున్నాయి, పురుడుంది, అలకలున్నాయి, రాముడికి శాంత అనే అక్క ఉంది, ఆడపడుచు హోదాలో తమ్ముణ్ణి నిలదీస్తుంది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ దగ్గరికి లక్ష్మణుడొస్తే, ఎవరో పరాయి మగవాడనుకుని చెడామడా తిడుతుంది. శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటే, సీత తాను చూసింది కాలి బొటనవేలు మాత్రమే కాబట్టి అదే గీస్తుంది. తక్కినది శూర్పణఖ పూర్తిచేసి ప్రాణం పోస్తుంది. రాముడికి కోపం వచ్చి సీతని పంపేస్తుంటే ఇంట్లో ఆడవాళ్లంతా ఆమె పక్షాన నిలబడతారు. మగవాళ్ల ముందు ఆ మాట అనగలిగేవాళ్లా మన ముత్తవ్వలు? పాటలో అన్నారు. మగవాళ్లు విననందుకే అనగలిగారని కూడా అనుకోవచ్చు.

ఇదంతా చదివాక మా అత్తయ్యగారి పాటల పుస్తకం బీరువాలోంచి తీశాను. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు. నందిగామ దగ్గర పల్లె పుట్టిల్లు. పుస్తకం ఆవిడ పెళ్లినాటిది, బౌండు పుస్తకం, నీలం సిరా, కొన్ని పేజీల్లో పసుపు మరకలు. అరవై నాలుగు పాటలు. ప్రతి పాట మీదా "వరస" అని రాసుంది. తలుపు దగ్గరి పాటకి ఫలానా పాట వరస, ఆ ఫలానా పాటకి ఇంకో హారతి వరస. చివరికి వెళ్తే ఆ హారతికి వరస అని రాసి, ఎదురుగా "అమ్మ పాడేది" అని ఉంది. ఆవిడ అమ్మగారు పోయి నలభై ఏళ్లు దాటింది.

ఇక్కడే నాకు ఆ ఐర్లండ్ అమ్మాయి ప్రశ్నకి అసలు జవాబు తట్టింది. వాళ్ల బంటింగ్, ఓనీల్ స్వరాలు దాచారు. బంటింగ్ మాటల కోసం వేరే మనిషిని పంపి ఐరిష్ భాషలో రాయించినా అవి అతని పుస్తకాల్లో అచ్చుకాలేదు. అందుకని వాళ్లకి మాటలు ఊడిపోయిన స్వరాలు వేలకొద్దీ ఉన్నాయి. మనవాళ్లు మాటలు దాచారు. స్వరం పుస్తకంలో ఎందుకు, అందరికీ తెలిసిందేగా అనుకున్నారు. 1899 పుస్తకమైనా, మా అత్తయ్యగారి బౌండు పుస్తకమైనా ఒకటే తీరు. అందరికీ తెలిసినది అందరితోనూ పోతుంది. అనసూయమ్మగారి లాంటివాళ్లు స్వరాలతో వేసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విచిత్రం చూడండి, మన జనగణమనకి స్వరలిపి రాసిపెట్టింది కూడా ఐర్లండ్ ఆవిడే. మార్గరెట్ కజిన్స్, డబ్లిన్‌లో సంగీతం డిగ్రీ చదివింది, భర్త మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాలు. 1919 ఫిబ్రవరిలో టాగూరు అక్కడికి వచ్చి పాడి వినిపిస్తే, ఆవిడ విని పిల్లల చేత సాధన చేయించి కాగితం మీద పెట్టింది. మహిళా సంఘాలు, ఓటు హక్కు అని ఆవిడ చేసిన తక్కిన పనంతా ఇంకో రోజు రాస్తా.

సరే, మధ్యాహ్నాలు రికార్డింగు మొదలుపెట్టాం. ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, ఫ్యాను ఆపి. మొదటి రెండ్రోజులు ఆవిడ గొంతు సవరించుకోవడమే సరిపోయింది. "ఈ ముసలి గొంతు ఎవడికి కావాలే" అంటారు. ఐర్లండ్‌లో కార్క్ జిల్లా గృహిణి ఎలిజబెత్ క్రోనిన్ కథ చెప్పాను. 1879లో పుట్టింది, డెబ్భై దగ్గర పడ్డాక బీబీసీ వాళ్లు వచ్చి రికార్డు చేశారు, అమెరికా నుంచి లోమాక్స్ వచ్చాడు. అమ్మ దగ్గరా, ఇంట్లో పనిచేసేవాళ్ల దగ్గరా నేర్చుకున్న పాటలవి. 2000లో ఆవిడ మనవడు, చరిత్ర ప్రొఫెసరు, వాటన్నిటినీ పెద్ద పుస్తకం చేశాడు. అత్తయ్యగారు అంతా విని "మనవడా!" అన్నారు, అక్కడే సోఫాలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్న మావాడి వైపు చూస్తూ.

ఊర్మిళాదేవి నిద్ర అరగంట పైన పట్టింది. అది ఆవిడ పక్కింటి కరణంగారి భార్య దగ్గర నేర్చుకున్నదట. పుస్తకం చూడలేదు, కళ్లు మూసుకునే పాడారు. పుస్తకంలో లేని చరణాలు నాలుగు వచ్చాయి. మధ్యలో ఆగినప్పుడు మాట గుర్తుచేస్తే లాభం లేకపోయింది. నేను వరస తీస్తే మాట దానంతట అదే వచ్చింది. మాటలకి వరసే తాడు అని అప్పుడు తెలిసింది. "అమ్మ పాడేది" అని రాసిన హారతి మాత్రం మూడు విధాలుగా పాడి, మూడూ కాదన్నారు. అరవై నాలుగులో ఇప్పటికి ఇరవై తొమ్మిది వరసలు దొరికాయి, పదకొండు పోయినట్టే, తక్కినవి ఇంకా అడగాలి. శోకాలు పాడమంటే ససేమిరా అన్నారు, దీపం పెట్టే ఇంట్లో అవి నోటికి తేకూడదని. ఐర్లండ్‌లో కూడా చావింట శవం దగ్గర పాడే ఆడవాళ్లుండేవారు. చర్చి వద్దు వద్దంటూ మాన్పించింది. ఇక్కడ ఎవరూ మాన్పించలేదు, మనమే నోరు కట్టుకున్నాం.

దంపుడు పాటలు ఆవిడకీ రెండే వచ్చు. డెల్టాలో రైసుమిల్లులు వచ్చి రోళ్లూ రోకళ్లూ మూలపడ్డాక ఆ పాటకి పని లేకుండా పోయింది. మా ఊరి బొమ్మల్లో మాత్రం ఆ పని ఇంకా జరుగుతూనే ఉంది. తెల్లపొణికి కర్రతో చేసి, చింతగింజల జిగురూ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికే పల్లెటూరి సెట్టులో రోకలెత్తిన ఆడమనిషి, తిరగలి ముందు కూర్చున్నామె, చల్ల చిలికే ఆమె ఉంటారు. సంక్రాంతి కొలువులో పెట్టినప్పుడల్లా వీళ్ల నోరు తెరిచి ఉందా మూసి ఉందా అని ఇప్పుడు చూస్తున్నా. చిన్న ఎర్రగీత, అంతే.

యూనివర్సిటీ వాళ్లు ఏమీ చేయలేదనను. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, దానికి వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. సేకరణలూ పరిశోధనలూ జరుగుతున్నాయి. కానీ ఏ పీఠమూ మన వంటింటికి వచ్చి ఫ్యాను ఆపి కూర్చోలేదు. మనం పిలిచిందీ లేదు.

ఇక నాట్ల పాటలు. అవి మా అత్తయ్యగారికి వినికిడే గానీ నోటికి రావు, పొలం గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ఇంటి కోడలు కదా. అవి తెలిసినామె మా వీధి చివర ఉంది, ముప్పై ఏళ్లు ముఠాకి ముందు నిలబడి పాట ఎత్తుకున్న మనిషి. ఇప్పుడు కొన్ని ఊళ్లల్లో బెంగాలు నుంచి మగవాళ్ల ముఠాలొచ్చి నాట్లు వేసి వెళ్తున్నాయి, పాటలతో పని లేదు. ఆమెని మా ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఫోను ముందు పెడితే కాసేపు చూసి నవ్వింది. "ఈడ కూకుని ఎట్టా పాడతానమ్మా, నడుం వంగితేనే గదా వచ్చేది. ఎనకాల ఎత్తుకునేవోళ్లు ఉండాల. నీళ్లొదిలినాక రా, మా చెల్లెలోళ్ల మడికాడ నాట్లుంటయ్. నువ్వూ దిగు" అంది. పట్టిసీమ నీళ్లు ఫెర్రీ దగ్గర కృష్ణలో కలవడం మొదలైందని నిన్న పేపర్లో వేశారు. పాత చీర ఒకటి తీసి పక్కన పెట్టుకున్నా.